నాలుకే కొలువైంది

పదిహేనేళ్ల వయసులో మీరు పదో తరగతి పరీక్షలకు కూర్చుని ఉంటారు. ఎమిల్ పేనో ఆ వయసుకే ఉద్యోగంలో చేరిపోయాడు. ఫ్రాన్స్‌లోని బోర్డో అనే రేవు పట్నంలో వైన్ కొని అమ్మే కాల్వే అనే పాత కంపెనీ అది. చేరేనాటికి చేతిలో డిగ్రీ లేదు. పేరు మోసిన ద్రాక్ష ఎస్టేటు ఏదీ ఆయన పేరున లేదు. యాభై ఏళ్లు తిరిగేసరికి, ఫ్రాన్స్‌లోనే అత్యంత ఖరీదైన రెడ్ వైన్లలో ఒకదానికి ఏ పీపా పనికొస్తుంది, ఏది రాదు అని తేల్చే మాట ఆయనదే అయింది.

పేనో పేరు మీరు విని ఉండకపోవచ్చు. వైన్ తయారీ శాస్త్రాన్ని ఈనాలజీ అంటారు. ఇవాళ్టి ఈనాలజీకి పెద్దదిక్కు ఎవరంటే, ఆ రంగంలో ఉన్నవాళ్లు ముందు చెప్పేది ఈయన పేరే. 2004లో చనిపోయాడు. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు, పుట్టినా పలక పట్టలేదు.

కొలువుల పేజీలో ఈ మద్యం గొడవ ఏంటని అనుకోకండి. ఇది తాగడం గురించి కాదు. పేనో జన్మలో కొన్ని వేల వైన్లను నోట్లో పోసుకున్నాడు, పనిలో ఉన్నంతసేపూ ఉమ్మేస్తూనే ఉన్నాడు. మింగితే పదో గ్లాసుకు తీర్పు తప్పుతుంది. తీర్పు తప్పితే ఉద్యోగం ఉండదు. అసలు మన ఊళ్లలో వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణానికి వెళ్లి వైన్ అడిగి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు!

మరి మెట్‌పల్లిలో ఉన్న మీకు ఇది ఎందుకు? ఒకసారి సీజన్‌లో పసుపు మార్కెట్ యార్డుకు వెళ్లండి. కొనే వ్యాపారి కుప్పలోంచి ఒక కొమ్ము తీస్తాడు. విరుస్తాడు. విరిగిన చప్పుడు వింటాడు, బాగా ఎండిన కొమ్ము ఠంగుమంటూ విరుగుతుంది. లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. రేటు చెప్తాడు. అంతా అర నిమిషం. ఆ అర నిమిషం మీద ఒక రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. ఆ వ్యాపారికి ఆ తెలివి ఎట్లా వచ్చిందని అడిగితే, అనుభవం అంటాడు, అంతకు మించి చెప్పలేడు. పేనో అక్కడ ఆగలేదు. చూపుకు, ముక్కుకు, నాలుకకు తెలిసిన సంగతిని మాటల్లో పెట్టాడు, లెక్కలో పెట్టాడు, ఇంకొకరికి నేర్పగలిగేలా చేశాడు. ఆయన్ను గొప్పవాణ్ని చేసింది అదే.

కాల్వే ల్యాబులో రెండు కాలమ్‌లు

పేనో 1912 జూన్ 29న మదిరాన్ అనే ఊళ్లో పుట్టాడు. ఫ్రాన్స్‌కు నైరుతి మూల, పిరనీస్ కొండలకు దగ్గర. అక్కడ పండే ద్రాక్ష రకం తన్నా. నోరు పిడచకట్టేంత వగరు దాని గుణం. వగరుదనాన్ని మచ్చిక చేయడమే జీవితమంతా పనిగా పెట్టుకున్న మనిషి అలాంటి చోట పుట్టడం తమాషాగానే ఉంటుంది.

కాల్వే లాంటి కంపెనీలను మన అడ్తి దుకాణాలతో పోల్చుకోవచ్చు, కాకపోతే ఇంకాస్త పెద్ద పని. రైతుల దగ్గర, ఎస్టేట్ల దగ్గర పీపాల లెక్కన వైన్ కొంటారు. తమ గోదాముల్లో నిలవ పెడతారు. అవసరమైతే ఒకదానితో ఒకటి కలుపుతారు. సీసాల్లో నింపి దేశాలకు పంపుతారు. కొనేటప్పుడు ఒక్క చెడ్డ పీపాను గుర్తుపట్టకపోతే నష్టం కంపెనీదే. అందుకని కాల్వే ఒక ఇంజినీరును పెట్టుకుంది. ఆయన పేరు జాన్ రిబెరో గయోన్. పేనో పనికి కుదిరింది ఆయన దగ్గరే. గురువు అన్నంత మాత్రాన గడ్డం నెరిసిన మనిషిని ఊహించుకోవద్దు. అప్పటికి ఆయనకూ పాతికేళ్లు నిండలేదు.

ఈ గయోన్ తాత యులిస్ గయోన్, లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసినవాడు. పాలను వేడిచేసి క్రిములను చంపే పద్ధతికి పాశ్చర్ పేరు ఎందుకు వచ్చిందో మీకు తెలుసు. అయితే ఆయన ఆ పద్ధతిని ముందు కట్టింది పాల కోసం కాదు, వైన్ కోసం. 1860లలో ఫ్రెంచి వైన్లు ఓడల్లో చెడిపోతుంటే, ఎందుకో కనిపెట్టమని చక్రవర్తి మూడో నెపోలియన్ ఆయన్ను కోరాడు. 1866లో వైన్ జబ్బుల మీద పాశ్చర్ పుస్తకం వచ్చింది. పాశ్చర్ నుంచి యులిస్ గయోన్‌కు, ఆయన నుంచి మనవడికి, మనవడి నుంచి ఈ పదిహేనేళ్ల కుర్రాడికి విద్య అలా దిగి వచ్చింది.

ల్యాబులో పని చూస్తే మామూలుదే. వచ్చిన ప్రతి శాంపిల్‌లో ఆల్కహాల్ ఎంత, పులుపు ఎంత, వెనిగర్ గుణం ఎంత అని కొలవడం, రుచి చూడడం. ఈ రెండూ పక్కపక్కనే జరగడంలోనే అసలు విషయం ఉంది. ఒక కాలమ్‌లో అంకెలు, ఇంకో కాలమ్‌లో నాలుక చెప్పిన మాట. నాలుకకు పదునుగా తగిలిన వైన్‌లో అంకె ఏం చెప్తోంది? అంకె బాగున్నా నోటికి ఎందుకు బాగాలేదు? ఇవి రోజూ వేసుకునే ప్రశ్నలు. మీలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లకు టైట్రేషన్ అంటే ప్రాక్టికల్ మార్కుల కోసం చేసే తతంగం. ఆ బ్యూరెట్‌లో తేలిన అంకెను నోటితో కూడా సరిచూసుకునే అలవాటు పేనోకు ఆ వయసులోనే పడింది.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో అడ్డు వచ్చింది. యుద్ధం ముగిశాక 1946లో బోర్డో యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. అప్పటికి దాదాపు 34 ఏళ్లు. మీ బ్యాచ్‌లో ఎవరికైనా ఒక ఏడాది వెనకబడ్డామన్న దిగులుంటే ఈ అంకె గుర్తుంచుకోండి. ఆ తర్వాత గురువుతో పాటే యూనివర్సిటీలో పరిశోధన, పాఠాలు.

రెండోసారి ఎందుకు పొంగుతోంది?

వాళ్లిద్దరూ తేల్చిన సంగతుల్లో ఒకటి వివరంగా చెప్పుకోవాలి. ద్రాక్ష రసంలో చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది. అక్కడితో పని అయిపోవాలి. కానీ చాలా రెడ్ వైన్లు కొన్ని వారాలకో, ఎండాకాలం మొదలయ్యేటప్పుడో మళ్లీ బుడగలు కక్కేవి. తోటలో ద్రాక్ష తీగ చిగురు వేస్తుంటే నేలమాళిగలోని వైన్‌కు తెలిసి అదీ కదులుతోందని పల్లెల్లో నమ్మేవాళ్లు. అందమైన నమ్మకమే. చదువుకున్నవాళ్లలో కొందరు అది వైన్‌కు పట్టిన జబ్బు అనుకున్నారు.

నిజానికి అది బ్యాక్టీరియా పని. ఆపిల్‌లో ఉండే పదునైన పులుపు మాలిక్ ఆమ్లం. పెరుగులో ఉండే మెత్తని పులుపు లాక్టిక్ ఆమ్లం. బ్యాక్టీరియా మొదటి దాన్ని రెండో దానిగా మారుస్తుంది. మార్పు పూర్తయిన వైన్ నోటికి మెత్తగా ఉంటుంది, సీసాలో స్థిరంగా నిలుస్తుంది. సగంలో ఆగినా, సీసాలో నింపాక మొదలైనా వైన్ పాడవుతుంది. మంచి రెడ్ వైన్‌కు ఇది జబ్బు కాదు, అవసరం అని గయోన్, పేనో నిలబెట్టారు. గది వెచ్చగా ఉంచి, గంధకం తక్కువ వాడి, పీపాలు శుభ్రంగా పెట్టుకుంటే దాన్ని మన చెప్పుచేతల్లో ఉంచుకోవచ్చని రైతులకు నేర్పారు. పూర్తయిందో లేదో చూడ్డానికి 1950ల నుంచి కాగితపు క్రోమటోగ్రఫీ వాడుకలోకి వచ్చింది. మీరు ల్యాబులో ఫిల్టర్ పేపర్ మీద సిరా చుక్క పెట్టి చేసిన ప్రయోగమే. పెద్ద పెద్ద ఎస్టేట్ల అదృష్టాన్ని ఆ కాగితం ముక్క తేల్చింది.

మన దగ్గర పొద్దున్నే దించిన ఈత కల్లు తియ్యగా ఉండి, ఎండెక్కేసరికి పుల్లబడుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ముందు ఈస్ట్, తర్వాత వెనిగర్ చేసే బ్యాక్టీరియా. గీసే గౌడన్నకు ఆ లెక్క వాసనలోనే తెలుస్తుంది. బోర్డోలో మాత్రం ఘనమైన కోటల కింద, శతాబ్దాల పేరున్న నేలమాళిగల్లో, పీపాల్లో ఆ వెనిగర్ వాసన వస్తుంటే అది మా నేల గుణం అని సర్దుకున్న యజమానులు ఉండేవారు.

పేనోకు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆయన సలహా ఇప్పుడు వింటే మామూలుగా అనిపిస్తుంది. పండు పూర్తిగా పక్వానికి వచ్చాకే కోయండి. కుళ్లిన గుత్తులు ఏరేయండి. ఒక్కో తోట ముక్క పంటను విడివిడిగా పులియబెట్టండి. పాతబడి కంపు కొడుతున్న పీపాలు తీసేయండి. తొట్టి మరీ వేడెక్కకుండా చూడండి. కానీ ప్రతి మాటకూ ఖర్చు ఉంది, భయం ఉంది. సెప్టెంబరు, అక్టోబరులో వాన పడితే పంట పోతుందని బోర్డో రైతు పచ్చిగా ఉండగానే కోసేవాడు. జగిత్యాల మామిడి రైతుకు గాలివాన భయం, ముందు కోస్తే ఢిల్లీ మార్కెట్‌లో రేటు అన్న ఆశ ఎట్లాంటివో మీకు చెప్పక్కర్లేదు. పచ్చిగా కోసిన పండులో తీపి ఉండదు, వగరు మాత్రం నిండుగా ఉంటుంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు రసంలో తీపి అంకె ఎంత అన్నది మన ప్రాంతంలో ఎంత ముఖ్యమో, అక్కడ ద్రాక్షలో తీపి అంకె అంత ముఖ్యం. పేనో అది ఒక్కటీ చాలదన్నాడు. తీపి వచ్చినా తొక్కలో, గింజలో వగరు ముదరాలి. అది యంత్రం చెప్పదు, తోటలో నిలబడి పండు నమిలి చూడాలి.

ఇదంతా ఒక మాజీ గుమాస్తా కుర్రాడు తరతరాల యజమానులకు చెప్పాలి. మీ వైన్‌లో లోపం ఉందని మొహం మీదే చెప్పాలి. అందుకు నాలుక ఒక్కటే చాలదు, ఆధారం కావాలి. ఆ రెండు కాలమ్‌లే ఆయన ఆధారం.

గ్లాసు చేతిలోకి తీసుకుంటే

ఇక అసలు రుచి చూడడం దగ్గరికి వద్దాం. ఎదురుగా ఒక బోర్డో రెడ్ వైన్ ఉందనుకోండి. అది ఒక్క ద్రాక్షతో చేసింది కాదు, కలగలుపు. కాబెర్నే సావిన్యోన్ అనే రకం వగరును, గట్టిదనాన్ని, ఎక్కువ కాలం నిలిచే శక్తిని ఇస్తుంది. మెర్లో ముందుగా పండుతుంది, మెత్తదనం, గుండ్రని రుచి దానివి. కాబెర్నే ఫ్రాంక్ సువాసనకు, పెటి వెర్దో రంగుకు, కారానికి కాస్త కాస్త. ఏటా వాన, ఎండ ఒకేలా ఉండవు కాబట్టి పాళ్లు కూడా ఏటా మారతాయి. ఉగాది పచ్చడి ఏ ఇంట్లోనైనా ఆ ఏటి చింతపండు పులుపును, బెల్లం తీపిని బట్టి చేయి మారుస్తుంది కదా, అట్లాగే.

గ్లాసు ఎలాంటిదైనా పర్వాలేదు అనుకోవద్దు. అడుగు వెడల్పుగా, పైకి వచ్చేసరికి మూతి బిగించినట్టు ఉండే చిన్న గ్లాసుకు అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 1977లో వచ్చింది. పట్టేది సుమారు 215 మిల్లీలీటర్లు. పోసేది 50. మిగతా చోటు వాసన కోసం.

మొదట కన్ను. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు చూస్తారు. లేత వైన్ అంచు ఊదా రంగు, ముదిరేకొద్దీ ఇటుక రంగు. తర్వాత ముక్కు, గ్లాసు కదపకుండా ఒకసారి, తిప్పి మరోసారి. పండ్ల వాసనా, పూల వాసనా, మసాలా దినుసుల వాసనా, కలప వాసనా, మాడు వాసనా, జంతువుల వాసనా అని పేనో వాసనలను వంశాలుగా విడదీసి చెప్పేవాడు. పేరు పెట్టగలిగితేనే గుర్తుంటుందని ఆయన పట్టుదల. కాబెర్నేలో పచ్చి క్యాప్సికం వాసన గుప్పుమంటే పండు పక్వానికి రాలేదని అర్థం. గోళ్ల రంగు వాసన వస్తే వెనిగర్ బ్యాక్టీరియా దూరింది. గుర్రపుశాల కంపు వస్తే ఒక రకం చెడ్డ ఈస్ట్ పీపాలో కాపురం పెట్టింది.

అప్పుడు నోరు. చిన్న గుక్క. కాస్త గాలి లోపలికి పీలుస్తూ నోరంతా తిప్పుతారు. శ్రద్ధ పెడితే రుచులు ఒకేసారి రావు, వరసలో వస్తాయి. మొదటి రెండు మూడు క్షణాలు తీపి ఛాయ. వెనకే పులుపు. చివరికి చేదు, వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక గరగరలాడడం తెలుసు కదా, అది వగరు. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లను టానిన్ పట్టుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టు అనిపిస్తుంది. ఉమ్మేశాక సువాసన ఎన్ని క్షణాలు నిలిచిందో లెక్కపెడతారు. మామూలు వైన్ ఉమ్మగానే మాయమవుతుంది. గొప్పది నోట్లో నిలుస్తుంది.

పేనో ఆలోచనకు కేంద్రం తూకం. ఒక పక్క తీపి ఛాయ, అది రెడ్ వైన్‌లో చక్కెర నుంచి కాదు, ఎక్కువగా ఆల్కహాల్ నుంచి వస్తుంది. రెండో పక్క పులుపు, వగరు కలిసి. ఈ రెండూ తూగాలి. దాన్ని చిన్న లెక్కలో కూడా పెట్టాడు. ఆల్కహాల్ శాతంలోంచి, లీటరుకు ఇన్ని గ్రాములని ఫ్రెంచి పద్ధతిలో కొలిచిన ఆమ్లాన్ని, టానిన్‌ను కలిపి తీసేయాలి. మిగిలింది 5కు పైన ఉంటే వైన్ మెత్తన, కిందికి పోతే గరుకు. ఉదాహరణకు ఆల్కహాల్ 12, ఆమ్లం 3.5, టానిన్ 2 అనుకోండి, మిగిలేది 6.5. హాయిగా ఉంటుంది. ఆల్కహాల్ 11.5, ఆమ్లం 4.5, టానిన్ 3 అయితే మిగిలేది 4. నోరు ముడుచుకుంటుంది. ఈ లెక్కతోనే వైన్ గొప్పదో కాదో తేలిపోదు. రుచి అనేది గాల్లో మాట కాదని కుర్రాళ్లకు అర్థం చేయించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇంకో సంగతి, నాలుక సులువుగా మోసపోతుంది. పేరు చూసినా, ధర విన్నా, రంగు చూసినా మోసపోతుంది. 2001లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి చెప్తాను. పేనో పాఠాలు చెప్పిన ఆ బోర్డో ఈనాలజీ విభాగంలోనే 54 మందికి వైట్ వైన్‌ను వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. రుచి చూడ్డం నేర్చుకుంటున్న ఆ విద్యార్థులు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. ఇది జరగొచ్చని తెలుసు కాబట్టే సీసా కప్పి రుచి చూడమంటారు. మూడు గ్లాసులు పెట్టి, రెండింట్లో ఒకటే వైన్ పోసి, వేరేది ఏదో చెప్పమంటారు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఈ పరీక్ష మీరు హాస్టల్లో మూడు కప్పుల టీతో చేసుకోవచ్చు. ఒకదాంట్లో పావు చెంచా చక్కెర తగ్గించి చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది.

మార్గో పీపాల ముందు

ఇప్పుడు 1977కు రండి. షాటో మార్గో అనే ఎస్టేటు 1855 నాటి అధికారిక జాబితాలో మొదటి తరగతిలో నిలిచిన నాలుగింటిలో ఒకటి. 1970ల మొదట్లో బోర్డోలో ధరలు కుప్పకూలాయి. అప్పటి యజమానులు జినెస్తె కుటుంబం అప్పుల్లో పడ్డారు. ఒక అమెరికన్ కంపెనీ కొంటానంటే ఫ్రెంచి ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి గ్రీకు మూలాలున్న ఆంద్రే మెంజెలోపులోస్ కొన్నాడు. కిరాణా దుకాణాల వ్యాపారంలో సంపాదించినవాడు, వైన్ కుటుంబం కాదు. మార్గో పేరు అప్పటికే మసకబారి ఉంది. కొత్త యజమాని సలహాకు పిలిచింది పేనోనే.

తోటలో, నేలమాళిగలో చేయాల్సిన మరమ్మతులు చాలా ఉన్నాయి, డబ్బు పెట్టి చేశారు. కానీ అన్నిటికన్నా గట్టి నిర్ణయం చలికాలంలో తీసుకోవాల్సింది. ఒక్కో తోట ముక్క నుంచి వచ్చిన వైన్ విడివిడిగా ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే రుచి చూసి, ఏవి కలిసి షాటో మార్గో పేరు మోయగలవో ఎంచాలి. మిగిలింది రెండో రకం వైన్‌గా, పావియోన్ రూజ్ పేరున, తక్కువ ధరకు పోతుంది. బోర్డో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. ఒక్క పీపాను వద్దంటే 300 సీసాల ధర తేడా యజమాని జేబులోంచి పోయినట్టే. పది పీపాలు వద్దంటే? అప్పులు తీర్చి కొన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. గ్లాసులో వైన్ చెడ్డది కూడా కాదు, బాగానే ఉంది, కాకపోతే మధ్యలో కాస్త బోలుగా తగులుతోంది. ఆ కాస్త కోసం వద్దనాలా?

పేనో వద్దనేవాడు. అంత డబ్బు ఎదురుగా ఉన్నా వద్దనగలగడంలోనే ఆయన వృత్తి విలువ ఉందని నాకనిపిస్తుంది. ముక్కు పదును, నాలుక పదును చాలామందికి ఉంటాయి. కలగలుపు చేయడమంటే కలపడం అనుకుంటాం, అందులో సగం పని తీసేయడం. కొత్త యాజమాన్యంలో వచ్చిన 1978 వైన్‌తో మార్గో పేరు మళ్లీ నిలబడింది. ఆంద్రే 1980లో చనిపోయాడు. 27 ఏళ్ల కూతురు కొరీన్ పగ్గాలు పట్టింది, పేనో సలహాలతోనే ముందుకు నడిపింది. ఇట్లా ఆయన సలహా తీసుకున్న ఎస్టేట్లు బోర్డోలో ఎన్నో, దేశం బయట గ్రీసులో కరాస్ తోటల దాకా.

ఆయన మీద విమర్శ లేకపోలేదు. అందరికీ ఒకే సలహా ఇచ్చి, అన్ని వైన్లకూ ఒకే రుచి తెచ్చాడని, అన్నీ మెత్తగా, లేతగా ఉండగానే తాగడానికి అనువుగా తయారయ్యాయని అన్నారు. ఆ పద్ధతికి ఆయన పేరే పెట్టి ఎగతాళి చేశారు. ఇందులో కొంత నిజం ఉంది. ఒకే మనిషి మాట వంద నేలమాళిగల్లో చెల్లితే ఆ మనిషి ఇష్టాయిష్టాలు కూడా చెల్లుతాయి. అయినా వెనిగర్ వాసననూ, పాత పీపా కంపునూ నేల ప్రత్యేకత అని పిలవడం కన్నా ఇది మేలు. లోపాలు పోతేనే నేల గుణం ఏదో తెలుస్తుంది. పాత వైన్ల అభిమానులు ఈ మాటకు ఇప్పటికీ ఒప్పుకోరు, ఆ వాదన అక్కడ నడుస్తూనే ఉంది.

రాసిపెట్టిన విద్య

1971లో వైన్ తయారీ మీద, 1980లో వైన్ రుచి మీద ఆయన పుస్తకాలు వచ్చాయి. రెండోది, ల గూ ద్యు వాన్, ఇంగ్లిషులోకి కూడా వెళ్లింది. ఇప్పటికీ ఈ విద్యలో చేరేవాళ్లు చదవాల్సిన పుస్తకం అది. 1990లో బ్రిటన్‌లోని డికాంటర్ పత్రిక ఆయన్ను ఆ ఏటి మేటి వ్యక్తిగా ఎంచింది.

మన దగ్గర ఈ పద్ధతినే పసుపుకు, టీకి, కాఫీకి, నూనెలకు, సుగంధ ద్రవ్యాలకు వాడుతున్నారు. బెంగళూరులో కాఫీ బోర్డు కాఫీ నాణ్యత మీద పీజీ డిప్లొమా నడుపుతోంది, అందులో రుచి చూడడం ప్రధానం. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో రుచి, వాసనల శాస్త్రానికి విభాగమే ఉంది. అత్తరు, ఫ్లేవర్ల పని నేర్చుకోవాలంటే యూపీలోని కన్నౌజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మనకు మరీ దగ్గర నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. కొమ్ము విరిచి చూసే వ్యాపారి పక్కన, కర్క్యుమిన్ శాతం కొలిచే మనిషి కూడా ఇక అవసరం. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ, జగిత్యాల పొలాసలో అగ్రికల్చర్ చదివేవాళ్లు ఈ వైపు ఒకసారి చూడండి. అర్హతలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి ఆ సంస్థల నోటిఫికేషన్లలో సరిచూసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లే రోజు మాత్రం సెంటు కొట్టుకోకండి, గుట్కా, సిగరెట్ జోలికి పోకండి. రుచి చూసే గదిలోకి అడుగు పెట్టకముందే మీ సంగతి తెలిసిపోతుంది.

పేనో 2004 జూలై 18న బోర్డో శివారు తలాన్స్‌లో 92వ ఏట కన్నుమూశాడు. బోర్డో యూనివర్సిటీలో ఇప్పుడు వైన్ రుచి చూడడానికే ఒక డిప్లొమా ఉంది. చేరినవాళ్లు పేర్లు కనిపించని గ్లాసుల ముందు కూర్చుని, ముందు తెల్ల కాగితం మీద రంగు రాసుకుంటారు, తర్వాత వాసన రాసుకుంటారు, ఆ తర్వాతే నోట్లో పోసుకుంటారు.